చివరి మంచు తేదీ లేని ఊళ్లో విత్తనం ఎప్పుడు వేయాలి?

దిగుమతి విత్తనాల ప్యాకెట్ల వెనకా, విదేశీ తోటల వీడియోల్లోనూ ఒక సూచన తప్పకుండా ఉంటుంది: ‘మీ ప్రాంతంలో చివరి మంచు తేదీకి ఆరు వారాల ముందు ఇంట్లో నారు పోసుకోండి.’ తిరుపతిలో మిద్దె మీద తోట పెట్టుకున్నవాళ్లకు ఇక్కడే చిక్కొస్తుంది. ఆరు వారాలు వెనక్కి లెక్కపెట్టొచ్చు సరే, ఏ తేదీ నుంచి? తేదీ తెలియక ప్యాకెట్ మీదున్న నెలలనే పట్టుకుని మార్చిలో టమాటా నారు పోస్తారు. మొక్క ఏపుగా పెరుగుతుంది, పూత పూస్తుంది, ఏప్రిల్‌లో ఆ పూతంతా నేలరాలుతుంది. విత్తనం మంచిది కాదనుకుని ఇంకో ప్యాకెట్ కొంటారు.

మంచు అన్న మాట దగ్గరే సగం గందరగోళం ఉంది. పొద్దున్నే గడ్డి మీద మెరిసే చెమ్మను మనం మంచు అంటాం. జనవరిలో పలమనేరు రోడ్డు మీద లైట్లు వేసుకుని నడపాల్సి వచ్చే పొగనూ మంచే అంటాం. హిమాలయాల మీద పడేదీ మంచే. ప్యాకెట్ మీద రాసిన మంచు ఇంకోటి. ఆకు సున్నా డిగ్రీలకో అంతకంటే కిందికో దిగినప్పుడు దాని మీది తడి గడ్డకడుతుంది, దాంతోపాటు ఆకు లోపలి నీరూ గడ్డకట్టి కణాలను చిట్లగొడుతుంది. రాత్రి పచ్చగా ఉన్న టమాటా మొక్క ఎండ పొడిచేసరికి ఉడకబెట్టిన తోటకూరలా నల్లబడి వేలాడుతుంది. మన రాష్ట్రంలో ఆ స్థాయి చలికి దగ్గరగా వెళ్లేవి లంబసింగి లాంటి మన్యం ఊళ్లు. తిరుపతికీ చిత్తూరుకూ అది లేదు. చల్లటి దేశాల్లో ఆ చలి వసంతంలో ఆఖరుసారి ఎప్పుడు వచ్చిందో ఏళ్ల తరబడి రాసిపెట్టి, సగటు తీసి చెప్పేదే చివరి మంచు తేదీ. సగటు కాబట్టి ఆ తేదీ దాటాక కూడా కొన్నేళ్లలో మంచు పడుతుంది. వాళ్లూ దాన్ని హామీగా తీసుకోరు.

ఇక అలాంటి ప్యాకెట్ల మీదా వీడియోల్లోనూ కనిపించే జోన్ నంబరు. అమెరికా వ్యవసాయ శాఖ గీసిన పటంలో 13 జోన్లు ఉంటాయి. ఏడాది మొత్తంలో అతి చల్లని రాత్రి ఎంత చల్లగా ఉంటుందో చూసి, అలాంటి రాత్రుల సగటును బట్టి ఊరికో నంబరు ఇస్తారు. 2023లో కొత్తగా వేసిన పటం 1991 నుంచి 2020 వరకు ఉన్న రికార్డుల మీద కట్టినది. ఆ లెక్క తిరుపతికి వేస్తే 12వ జోన్ చుట్టుపక్కల తేలుతుంది, అంటే ఏడాదిలో అతి చల్లని రాత్రి 10 నుంచి 15 డిగ్రీల మధ్య. హవాయి దీవుల్లో హొనలూలూ తీరం కూడా అటూ ఇటూగా ఇదే. కానీ హొనలూలూలో ఎండాకాలం పగలు 31, 32 డిగ్రీలు ఉంటే ఎక్కువ, తిరుపతిలో మే నెలలో 40 దాటడం మామూలు. జోన్ నంబరు చెప్పేది ఒక్కటే, ఏళ్ల తరబడి బతికే చెట్టు ఆ ఊరి చలికి చచ్చిపోతుందా లేదా అని. ఎండ గురించి, వాన గురించి, పగటి పొడవు గురించి అందులో ఏమీ లేదు. కూరగాయల తోటకు మన దగ్గర అది పనికిరాదు.

మన దగ్గర ‘దక్షిణ మండలం’ అని వ్యవసాయ శాస్త్రవేత్తలు విడదీసిన వాతావరణ మండలం ఉంది. చిత్తూరు, కడప, నెల్లూరు పాత జిల్లాలు అందులోకి వస్తాయి. పొలాల్లో వేసే పంటల సిఫార్సులకు అది చాలు. పెరటి తోటకు మాత్రం మరీ పెద్ద గంప, నెల్లూరు తీరమూ హార్స్‌లీ హిల్స్ కొండా అందులోనే ఉన్నాయి కదా.

మన తేదీని రాత్రి వేడి నిర్ణయిస్తుంది

చల్లటి దేశాల్లో తోటకు తలుపు వేసేది చలి. మన తోటకు తలుపు వేసేది వేడి, అందులోనూ రాత్రి వేడి. పగలు 34 డిగ్రీలున్నా తట్టుకునే టమాటా, రాత్రి 21 నుంచి 24 డిగ్రీలు దాటేసరికి కాయ కట్టడం తగ్గించేస్తుంది. పుప్పొడి సరిగా తయారు కాదు, తయారైనా బతకదు. కొన్ని రకాల్లో పుప్పొడిని అందుకునే కొన, కీలాగ్రం, పువ్వు గొట్టంలోంచి బయటికి పొడుచుకొచ్చి ఎండకు ఆరిపోతుంది. రాలిన పువ్వును చేతిలోకి తీసుకుని చూడండి. కాడ మధ్యలో చిన్న కణుపు ఉంటుంది, వేలి కీలులాగా. ముందు ఆ కణుపు పసుపు తిరుగుతుంది, తర్వాత సరిగ్గా అక్కడే, ఎవరో తుంచినట్టు విడిపోతుంది. చెట్టు మీద కాడ ముక్క మిగిలి ఉంటుంది. ఫలదీకరణ జరగని పువ్వును మొక్కే వదిలించుకుంటోందని దానర్థం. అప్పుడు ఎరువు వేసినా, హార్మోను కొట్టినా డబ్బు దండగ.

తిరుపతిలో డిసెంబరు, జనవరి రాత్రులు 18, 19 డిగ్రీల చుట్టూ తిరుగుతాయి. శివరాత్రికి చలి శివశివా అంటూ పోతుందంటారు. అది పోయాక, మార్చి 10 ప్రాంతంలో, రాత్రులు 22 దాటడం మొదలవుతుంది. టమాటా, క్యాబేజీ, కాలీఫ్లవర్, క్యారెట్, బీన్స్ లాంటి చల్లకాలపు పంటలకు మన చివరి తేదీ అదే. తిరిగి తలుపు తెరుచుకునేది నవంబరు నడిమికి. చల్లటి దేశంలో రెండు మంచు తేదీల మధ్య ఎండాకాలంలో తోట నడిస్తే, మనకు ఈ రెండు వేడి తేదీల మధ్య, సరిగ్గా తలకిందులుగా, చలికాలంలో నడుస్తుంది.

లెక్క కూడా తిరగేసి వేయాలి. వాళ్లు మొక్కను బయట పెట్టే రోజు నుంచి వెనక్కి లెక్కిస్తారు. మనం పువ్వు కాయ కట్టాల్సిన రోజు నుంచి వెనక్కి లెక్కించాలి. టమాటాకు వేసి చూద్దాం. మార్చి 10తో కాయ కట్టడం ఆగిపోతుందనుకుంటే, మొక్క పెట్టిన కష్టానికి కనీసం 35 రోజులైనా పూత నిలవాలి. అంటే ఫిబ్రవరి 3 నాటికి పూత మొదలవ్వాలి. నాటిన దగ్గర్నుంచి పూతకు 30 రోజులు పడుతుంది, కాబట్టి జనవరి 4కి నాటాలి. నారు వయసు 28 రోజులు ఉండాలి, కాబట్టి డిసెంబరు 7కి విత్తనం పడాలి. తిరుపతిలో టమాటా విత్తనానికి ఇదే గడువు. ఇది చివరి గడువు మాత్రమే. అసలు మంచి పంట కావాలంటే సెప్టెంబరు 20 నుంచి అక్టోబరు 10 లోపు పోసిన నారుకే వస్తుంది. దాని పూత నవంబరు చివర్లో మొదలై చలికాలమంతా నిలుస్తుంది.

నారుకు 98 గళ్ల ప్రోట్రే (నారు పోసే ప్లాస్టిక్ ట్రే), తడిపిన కోకోపీట్ (కొబ్బరి పొట్టు), గడికి ఒక్క విత్తనం, అర సెంటీమీటరు లోతు చాలు. ట్రే చుట్టూ 40 మెష్ (అంగుళానికి 40 కన్నాల) నైలాన్ వల కట్టడం మానకండి. తెల్లదోమ నారు దశలోనే ఆకుముడత వైరస్‌ను అంటించిపోతుంది, నాటిన నెలకు గానీ అది బయటపడదు. అప్పటికి చేయగలిగింది ఆ మొక్కను పీకేయడమే.

ఎత్తు మారితే తేదీ మారుతుంది

తిరుపతి సముద్రమట్టానికి సుమారు 160 మీటర్ల ఎత్తులో ఉంది. చిత్తూరు 300 పైచిలుకు. పలమనేరు, మదనపల్లె 700కు అటూ ఇటూ. తిరుమల 850 పైన, హార్స్‌లీ హిల్స్ 1,265. వంద మీటర్లు పైకి పోతే సుమారు 0.6 డిగ్రీలు తగ్గుతుంది. తిరుపతి నుంచి ఘాట్ రోడ్డెక్కి తిరుమల చేరేసరికి కిటికీ గాలి మారిపోవడం ఈ లెక్కే. దీన్ని తోటకు అన్వయిస్తే చిత్తూరు ఊరు తిరుపతి కంటే ఒక డిగ్రీ చల్లన, గడువులు వారం పది రోజులు ఆలస్యంగా పెట్టుకోవచ్చు. మదనపల్లె మూడు మూడున్నర డిగ్రీలు చల్లన, అక్కడ నెలకు పైగా తేడా వస్తుంది.

ఏప్రిల్ నుంచి జులై దాకా మైదానాల్లో టమాటా పూత నిలవని రోజుల్లో లారీలన్నీ మదనపల్లె మార్కెట్ వైపు ఎందుకు తిరుగుతాయో ఇందులోనే ఉంది. ఆ పీఠభూమి మీద రాత్రి ఇంకా చల్లగా ఉంటుంది కాబట్టి అక్కడ కాయ కడుతుంది, వేడి తట్టుకునే హైబ్రిడ్లు దానికి తోడవుతాయి. మదనపల్లెలో చుట్టాలు మార్చిలో టమాటా నాటారని తిరుపతి మిద్దె మీద మనమూ నాటితే, నూరు కిలోమీటర్ల పైచిలుకు దూరం, అయిదారు వందల మీటర్ల ఎత్తు మధ్యలో ఉన్న సంగతి మరిచిపోయినట్టే.

మిద్దె సంగతి విడిగా చెప్పుకోవాలి. కాంక్రీటు స్లాబు పగలంతా పీల్చిన వేడిని రాత్రి పది దాకా వదులుతూనే ఉంటుంది. దాని మీదే ఆనించిన గ్రో బ్యాగుల్లో (మొక్కలు పెంచే మట్టి సంచుల్లో) వేర్లకు చల్లదనం దొరకదు. నేల మీద పెరటికి మార్చి 10 గడువైతే, మిద్దె మీద తోటకు ఫిబ్రవరి చివరే గడువనుకోండి. బ్యాగుల కింద ఇటుకలు పేర్చి నాలుగు అంగుళాలు గాలి ఆడనిస్తే కొంత ఊరట.

నవంబరు వానలు

విదేశీ క్యాలెండరులో లేని రెండో తలుపు మనకు ఈశాన్య రుతుపవనం. వేడి తగ్గి తోటకు మంచి కాలం మొదలయ్యే వేళకే, అక్టోబరు, నవంబరుల్లో, మనకు ఏడాది వానలో పెద్ద వాటా కురుస్తుంది. 2021 నవంబరులో తిరుపతి వీధులు ఏరులై పారిన రోజులు ఎవరూ మరచిపోలేదు. 2023 డిసెంబరు తొలివారంలో మిచౌంగ్ తుపాను నారుమళ్లను ముంచింది. ఈ రెండు నెలల్లో మొక్కలు చచ్చేది ఎక్కువగా వేర్లకు గాలి ఆడకనే.

అందుకని ఆ కాలానికి మట్టి మిశ్రమమే మార్చాలి. ఎండాకాలానికి ఎర్రమట్టి, పశువుల ఎరువు, కోకోపీట్ సమపాళ్లు సరే. వానలకు కోకోపీట్ సగానికి తగ్గించి ఆ చోట ఇసుక కలపండి. 12 అంగుళాల బ్యాగుకు కనీసం 6 కన్నాలు ఉండాలి, అడుగున రెండు, పక్కన అడుగుకు అంగుళం పైన నాలుగు. అడుగు కన్నాలు మట్టితో పూడుకుపోయినా పక్కవి నీరు దించుతాయి. నారు మొదట్లో దారంలా సన్నబడి ఒరిగిపోతే అది నారుకుళ్లు, కాపర్ ఆక్సీక్లోరైడ్ లీటరు నీటికి 3 గ్రాములు కలిపి మొదలు తడిచేలా పోయాలి, నీరు తగ్గించాలి. వాన వెలిసిన వారానికి ముదురాకులు పాలిపోతే తెగులనుకోకండి. నత్రజని వానకు కొట్టుకుపోయి ఉంటుంది. బ్యాగుకు గుప్పెడు వర్మీకంపోస్ట్, వారం తర్వాత ఇంకో గుప్పెడు వేస్తే తేరుకుంటుంది.

క్యారెట్‌కు ఈ వానలు మరీ ఇబ్బంది. దాన్ని నారు పోసి నాటలేం, వేసిన చోటే పెరగాలి. ఎర్రమట్టి మీద జోరు వాన పడి ఎండ కాస్తే పైపొర పెంకులా గట్టిపడి మొలక పైకి రాలేదు. విత్తనం మీద మట్టి కప్పకుండా అర సెంటీమీటరు కోకోపీట్ కప్పాలి, రెండు వానల మధ్య తెరిపి చూసి వేయాలి. తిరుపతికి నవంబరు నెలాఖరు అనువు. గడ్డకు ఆ నారింజ రంగు పట్టేది 15 నుంచి 20 డిగ్రీల్లో. అందుకే మన క్యారెట్ ఊటీదంత ఎర్రగా రాదు, అది పెంచినవాళ్ల లోపం కాదు.

కాలీఫ్లవర్ విషయంలో రకం పేరే సగం పంట. పువ్వు కట్టడానికి ఒక్కో జట్టుకు ఒక్కో ఉష్ణోగ్రత కావాలి. తొలి జట్టు రకాలు, పూసా దీపాలీ, పూసా మేఘనా లాంటివి, 20 నుంచి 27 డిగ్రీల్లో పువ్వు కడతాయి. స్నోబాల్ జట్టుకు 10 నుంచి 16 కావాలి. ప్యాకెట్ మీద తెల్లగా, పెద్దగా కనిపించేది ఎక్కువగా స్నోబాల్ బొమ్మే. తిరుపతిలో దాన్ని వేస్తే నడుమెత్తు ఆకులు వస్తాయి, పువ్వు రాదు. తొలి జట్టు రకాన్ని సెప్టెంబరు 15 తర్వాత పోసి, అక్టోబరు నడుమ నాటితే డిసెంబరు చివరికి పువ్వు కనబడుతుంది. ఆరు వారాలు దాటిన ముదురు నారు నాటితే గుండీ అంత పువ్వు కట్టి ఆగిపోతుంది. తెచ్చిన నారు వయసు అడిగే కొనండి. పువ్వు నిమ్మకాయంత అయ్యాక చుట్టూ ఆకులు పైకి మడిచి దారం కడితే తెల్లగా ఉంటుంది.

రాత్రి పొడవును లెక్కపెట్టే మొక్కలు

కొన్నింటికి వేడీ చలీ కంటే ముఖ్యం రాత్రి ఎంత పొడవుందన్నది. మన చిత్తూరు వాళ్లకు దీన్ని వివరించడం తేలిక, అనపకాయ ఉంది కదా. జూన్, జులైలో వేరుశనగలోనో రాగిలోనో సాళ్లుగా పడిన అనప, వానాకాలమంతా తీగ సాగి, పగళ్లు కురచయ్యాకే పూతకొస్తుంది. సంక్రాంతి ముందు సంతల్లో రాశులు పడేది, ఇంటింటా పితికిపప్పు ఉడికేది అందుకే. పెరటి చిక్కుడు నాటు రకమూ అంతే. ఫిబ్రవరిలో వేస్తే పది నెలలు పందిరి నిండా ఆకులే. ఆ చోటు ఇంకో పాదుకు ఇచ్చి చిక్కుడును జులై, ఆగస్టుల్లో వేయడం మేలు. ఏ కాలమైనా కాసే పొద చిక్కుడు రకాలు వేరు, కొనేటప్పుడు అడిగి తెలుసుకోవాలి.

గోంగూరను సెప్టెంబరు తర్వాత వేస్తే మోకాలెత్తుకే పూతకొచ్చి ఆకు కురచబడుతుంది. ఆకు కోసం ఫిబ్రవరి నుంచి జులై దాకా వేసుకోవాలి. చామంతి వీధి దీపం వెలుగు పడే చోట ఉంటే మొగ్గ ఆలస్యం చేస్తుంది, ఒక్కోసారి మానేస్తుంది. తొట్టిని చీకటి మూలకు మార్చితే చాలు.

ఉల్లి దీనికి ఎదురు. విదేశీ ఉల్లి రకాల్లో చాలావాటికి గడ్డ కట్టడానికి 14 నుంచి 16 గంటల పగలు కావాలి. తిరుపతిలో జూన్ 21న, అతి పొడవైన పగలు, 13 గంటలకు అయిదు నిమిషాలు తక్కువ. ఆ విత్తనం ఇక్కడ ఎన్నేళ్లు పెంచినా ఉల్లికాడలే ఇస్తుంది. పొట్టి పగటి రకాలని చెప్పే మన దేశవాళీ విత్తనమే కొనాలి. ట్యులిప్ గడ్డలు, ఎక్కువ చలి కోరే యాపిల్ మొక్కలు కూడా ఇలాంటి చోటే మోసపుచ్చుతాయి. వాటికి వారాల తరబడి 7 డిగ్రీల లోపు చలి కావాలి.

కార్తెలు

ఇన్ని తేదీలు గుర్తుపెట్టుకోవడానికి మన పెద్దలు కట్టిన క్యాలెండరు ఉండనే ఉంది. తెలుగు నెలలు చంద్రుణ్ణి బట్టి నడుస్తాయి, ఏటా పది రోజులు వెనక్కి, అధికమాసం వస్తే ముందుకు జరుగుతాయి. కార్తె అలా కాదు. సూర్యుడు ఒక్కో నక్షత్రంలో ఉండే 13, 14 రోజులే కార్తె, కాబట్టి ఏటా ఇంచుమించు అదే ఇంగ్లీషు తేదీకి వస్తుంది. రుతువులు నడిచేదీ సూర్యుడితోనే. పంటకు కార్తె చూడటం వెనక ఉన్న గట్టి కారణం ఇది. టమాటా నారుకు చెప్పిన సెప్టెంబరు 20 నుంచి అక్టోబరు 10, ఉత్తర కార్తె చివరి వారం నుంచి హస్త కార్తె అయిపోయే దాకా. డిసెంబరు 7 గడువు జ్యేష్ఠ కార్తెలో పడుతుంది.

రోళ్లు పగిలే రోహిణి కార్తె, మే 25 నుంచి జూన్ 7 వరకు, కొత్త విత్తనం ఏదీ వేయకపోవడమే మంచిది. తోటకూర, బచ్చలి, బెండ, వంగ ముందే వేసి ఉంటే 50 శాతం షేడ్‌నెట్ కింద నెట్టుకొస్తాయి. కొత్తిమీర మాత్రం ఎంత నీడ ఇచ్చినా మొలక సరిగా రాదు, వచ్చినా పిడికెడెత్తుకే పువ్వు తొడుగుతుంది. ఖాళీ అయిన బ్యాగుల మట్టిని ఏప్రిల్, మేలలో మిద్దె మీద ఆరు అంగుళాల మందాన పరిచి, బాగా తడిపి, పైన తెల్లటి పారదర్శక పాలిథిన్ అంచులు మూసి నాలుగు నుంచి ఆరు వారాలు కప్పి ఉంచండి. నల్ల షీటు కింద మట్టి అంత కాగదు. వేర్లకు పట్టే నులిపురుగులు, నారుకుళ్లు శిలీంధ్రం, కలుపు విత్తనాలు చాలావరకు ఆ వేడికి పోతాయి. మన ఎండ మనకు చేసే మేలు అదొక్కటే అయినా తక్కువదేం కాదు.

పైన చెప్పిన తేదీలు ఊరికి చెప్పినవి. మీ ఇంటికి సొంత తేదీ కావాలంటే గరిష్ఠ, కనిష్ఠ ఉష్ణోగ్రతలు రెండూ గుర్తుపెట్టే థర్మామీటరు ఒకటి కొనండి. మొక్కల ఎత్తులో, ఎండ నేరుగా తగలని చోట, గోడకు ఆనకుండా వేలాడదీయండి. ఫిబ్రవరి 1 నుంచి రోజూ పొద్దున ఆరింటికి రాత్రి కనిష్ఠం రాసి, గుర్తును మళ్లీ మొదటికి తిప్పండి. వరుసగా ఏడు రోజులు 22 దాటిన వారం ఎప్పుడొచ్చిందో, ఆ మొదటి రోజును గోడ క్యాలెండరు మీద గుండ్రంగా చుట్టండి. వచ్చే ఏడు టమాటా నారుకు ఆ రోజు నుంచి వెనక్కి పదమూడు వారాలు లెక్కపెట్టి అక్కడ ఇంకో గుర్తు పెట్టుకోండి.